చేప నెత్తురులో నీటి జాడ

అశ్వాపురం, మణుగూరు, బూర్గంపాడు మండలాల్లో ఎక్కడైనా కుంటలో చేపలు తేలితే ఊళ్ళో వినిపించే మాటల్లో ‘రేడియేషన్’ అన్నది ఒకటి. అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం ఉంది కాబట్టి అనుమానం రావడం సహజమే. కానీ రేడియేషన్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్ళు చూసి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మరి తెలిసేదెట్లా? యంత్రాలతో కొలవవచ్చు. దానితో పాటు, ఆ నీళ్ళలోనే పుట్టి పెరిగే చేప నెత్తురు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూసే పద్ధతి కూడా ఒకటుంది. ఆ పద్ధతి ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది రైతు సోదరులు తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే కాని దొంగ వెంట పడితే అసలు దొంగ తప్పించుకుంటాడు. మన ప్రాంతంలో జరుగుతున్నది ఇదేనని మా అనుమానం.

నీళ్ళను సీసాలో పట్టి పరీక్షకు పంపితే ఆ గంటలో ఆ నీళ్ళలో ఏముందో తెలుస్తుంది. నిన్న రాత్రి వచ్చి పోయింది తెలియదు. వాగు పారుతూనే ఉంటుంది కదా! చేప సంగతి అట్లా కాదు. పగలూ రాత్రీ ఆ నీళ్ళే దాని మొప్పల గుండా పోతుంటాయి. ఆ బురదలోని పురుగునే, ఆ నీళ్ళలోని నాచునే అది తింటుంది. నీళ్ళలో చెడుపు ఉంటే దాని దెబ్బ రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి చేప కణాల్లో గుర్తుగా నిలిచి ఉంటుంది. రెండు మూడు రకాల చెడుపులు కలిసి కొట్టిన దెబ్బ కూడా మొత్తంగా ఒక్కచోటే కనబడుతుంది.

కణంలో జరిగేది

ప్రతి ప్రాణి ఒంట్లోనూ కంటికి ఆనని కణాలు కోట్ల కొద్దీ ఉంటాయి. కణం నడుమ కేంద్రకం, కేంద్రకంలో దారపు పోగుల్లాంటి క్రోమోజోములు ఉంటాయి. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణాలన్నీ ఈ పోగుల్లోని డి.ఎన్.ఎ. అనే పదార్థంలో రాసిపెట్టి ఉంటాయి. మనిషికి ఈ పోగులు 46. శీలావతి చేపకు 50. మట్టగిడసకు 32.

పాత కణం రెండుగా చీలి కొత్త కణాలు పుడతాయి. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పట్టా కాగితాలన్నిటికీ నకళ్ళు తీసి చెరో కట్ట కట్టుకున్నట్టే, కణం కూడా పోగులన్నిటికీ నకలు తీసి చెరో భాగం పంచుతుంది. ఆ పంపకంలో ఒక కాగితం చిరిగి ముక్క కింద పడిందనుకోండి. ఆ ముక్క అన్న కట్టలోకీ పోదు, తమ్ముడి కట్టలోకీ పోదు. కణంలోనూ అంతే. తెగిపోయిన క్రోమోజోము ముక్క పెద్ద కేంద్రకంలో చేరలేక పక్కనే చిన్న ఉండలాగా మిగిలిపోతుంది. దీన్నే సూక్ష్మ కేంద్రకం, మైక్రోన్యూక్లియస్ అంటారు. మనం పిల్ల కేంద్రకం అనుకుందాం. పిల్ల కేంద్రకాలు ఎక్కువగా కనబడుతున్నాయంటే ఆ ప్రాణి కణాల్లో పోగులు ఎక్కువగా తెగుతున్నాయని అర్థం.

రేడియేషన్ చేసే పని కూడా ఇదే. పోగును తెంపుతుంది. ఎక్స్ కిరణాలు సోకిన పండు ఈగలకు పుట్టిన పిల్లల్లో కొత్త కొత్త మార్పులు వస్తున్నాయని 1927లో అమెరికా శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ చూపించారు. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. జన్యువులకు రేడియేషన్ వల్ల కలిగే హాని గురించిన చదువుకు పునాది పడింది అక్కడే.

ఇక చేపే ఎందుకంటే, మన నెత్తుటిలోని ఎర్ర కణాలకు కేంద్రకం ఉండదు. చేపకు, కప్పకు, కోడికి ఉంటుంది. కాబట్టి చేపను కొయ్యనక్కర లేదు. తోక దగ్గర సూదితో ఒక్క చుక్క తీస్తే చాలు, అందులోనే లక్షల కణాలు, ప్రతి దానికీ కేంద్రకం. జ్వరం వస్తే మలేరియా కోసం వేలు గుచ్చి గాజు పలక మీద నెత్తురు పూస్తారు కదా, ఇదీ అట్లాగే. మలేరియా పలకకు కూడా వాడే గీంసా రంగునే దీనికీ వేస్తారు. మెరుగైన డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో ఉండే మైక్రోస్కోపు దీనికి సరిపోతుంది. కావలసిందల్లా ఓపిక. ఒక్కో చేపకు వెయ్యి నుంచి రెండు మూడు వేల కణాలు ఒక్కొక్కటిగా చూసి లెక్క పెట్టాలి. చేప కేంద్రకమే చిన్నది, దాని పక్కనుండే పిల్ల కేంద్రకం ఇంకా చిన్నది. పెద్ద దానిలో మూడో వంతుకు మించకూడదు, దానికి అంటుకొని ఉండకూడదు, రంగు రెండిటికీ ఒకేలా ఉండాలి. రంగు మరక పడినా పిల్ల కేంద్రకమని పొరబడే వీలుంది. అందుకని చూపు కుదిరిన వాళ్ళే లెక్కించాలి.

దీనికి తోడు తోకచుక్క పరీక్ష అని మరొకటి ఉంది. కణాలను జిగురులో పరిచి, పైపొరలు కరిగించి, కరెంటు పారిస్తారు. తెగిన డి.ఎన్.ఎ. ముక్కలు ఒకవైపు లాగబడి తోకలాగా సాగుతాయి. తోక ఎంత పొడవైతే తెంపులు అన్ని ఎక్కువ. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న రూపంలో ఈ పరీక్షను 1988లో నరేంద్ర సింగ్ తోటి శాస్త్రవేత్తలతో కలిసి వెలువరించారు.

వరి మడి చేప నుంచి మట్టగిడస దాకా

జపాన్‌లో వరి మళ్ళలో, పిల్ల కాలువల్లో తిరిగే వేలెడంత కూడా లేని చేప ఒకటుంది. పేరు మెదాకా. దీని గుడ్డు గాజులాగా ఉంటుంది, లోపల పిల్ల పెరగడం బయటి నుంచే చూడవచ్చు. టోక్యో విశ్వవిద్యాలయంలో అకిహిరో షిమా బృందం ఈ చేప మగవాటికి రేడియేషన్ తగిలించి, రంగు తేడాలున్న ప్రత్యేక జాతి ఆడవాటితో కలిపింది. తండ్రి జన్యువు దెబ్బతింటే పిల్ల ఒంటి మీద రావలసిన రంగు రాదు. గుడ్డులో ఉండగానే అది కనబడుతుంది. పుట్టకుండా చచ్చే పిల్లలు కూడా లెక్కలోకి వస్తాయి. 1991లో వెలువడిన ఈ పని వల్ల, తండ్రికి తగిలిన దెబ్బ పిల్లలకు ఎంతమేర దిగుతుందో చేపల్లోనూ లెక్కించవచ్చని తేలింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. నెత్తురు కణంలో తెంపు పడితే అది ఆ చేపతోనే పోతుంది. గుడ్డులోనో, మగచేప పాలలోనో పడితేనే తరువాతి తరానికి పోతుంది. నెత్తురు పరీక్ష మొదటి దాన్నే చూపుతుంది.

ప్రయోగశాల బయట కూడా ఇది జరిగింది. 1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ దేశంలోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరు పేలింది. దాని పక్కనే యంత్రాలను చల్లబరిచే నీటి కోసం కట్టిన పెద్ద చెరువు ఉంది. సీజియం వంటి రేడియోధార్మిక పదార్థాలు అందులో పడ్డాయి. అక్కడి క్యాట్‌ఫిష్‌లను వేరే చోట పట్టిన చేపలతో పోల్చి చూసిన శాస్త్రవేత్తలు చెర్నోబిల్ చేపల్లో డి.ఎన్.ఎ. తెంపులు ఎక్కువని 1996లో ప్రకటించారు. ‘వేరే చోట పట్టిన చేపలతో పోల్చి’ అన్న మాటను రైతులు పట్టుకోవాలి. పోలిక లేకుండా ఈ పరీక్షకు విలువ లేదు. దాని గురించి కింద చెబుతాం.

మన దేశంలో ఈ పరీక్షలకు శాస్త్రవేత్తలు ఎక్కువగా తీసుకునే చేపల్లో మట్టగిడస ఒకటి. కొర్రమీనుకు తమ్ముడి వరస. పోగులు 32 మాత్రమే కావడం వల్ల చూడడం సులువు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇది నీటి పైకి వచ్చి గాలి పీలుస్తుంది. తడి కుండలో కూడా ప్రాణంతో ఉంటుంది. చెరువులో ప్రాణవాయువు తగ్గి బొచ్చె, శీలావతి చచ్చిపోయినా మట్టగిడస బురదలో బతికే ఉంటుంది. అంటే జరిగిన దానికి సాక్షి మిగిలే ఉంటుందన్న మాట.

చేప దొంగ పేరు చెప్పదు

అసలు సంగతి ఇది. పిల్ల కేంద్రకాలు ఎక్కువున్నాయంటే పోగులు తెగుతున్నాయని తెలుస్తుంది, తెంపింది ఎవరో తెలియదు. రేడియేషన్ తెంపినా, క్రోమియం, ఆర్సెనిక్ వంటి లోహాలు తెంపినా, పురుగు మందు తెంపినా మైక్రోస్కోపు కింద కనబడేది ఒకటే.

లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ శాస్త్రవేత్తలు మట్టగిడసల మీద ఎండోసల్ఫాన్‌ను, క్లోరిపైరిఫాస్‌ను పరీక్షించారు. రెండూ డి.ఎన్.ఎ.ను తెంపుతున్నాయని తేలింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. క్లోరిపైరిఫాస్ మనకు కొత్తదేమీ కాదు. చెదలకు, వరిలో కాండం తొలిచే పురుగుకు, పత్తికి ఏళ్ళ తరబడి వాడినదే. 2008లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం లీటరు నీటిలో సుమారు 0.8 మిల్లీగ్రాముల క్లోరిపైరిఫాస్ ఉంటే నాలుగు రోజుల్లో సగం మట్టగిడసలు చస్తాయి. అందులో నాలుగో వంతు ఉన్నా చేపలు చావవు గానీ వాటి నెత్తుటిలో పిల్ల కేంద్రకాలు పెరుగుతాయి.

దీన్ని మన లెక్కలోకి మార్చి చూద్దాం. 20 శాతం క్లోరిపైరిఫాస్ లీటరు డబ్బాలో అసలు మందు 200 గ్రాములు. రెండున్నర గుంటల కుంటలో మీటరు లోతు నీళ్ళుంటే అవి సుమారు రెండున్నర లక్షల లీటర్లు. ఆ ఒక్క డబ్బా అందులో పడితే సగం మట్టగిడసలు చచ్చే మోతాదు అవుతుంది. అదే డబ్బా పది గుంటల కుంటలో పడితే మట్టగిడస చావదు, పైకి ఏమీ కనబడదు, లోపల పోగులు మాత్రం తెగుతాయి. నిజం కుంటలో కొంత మందు బురదకు అంటుకుంటుంది, కొంత ఎండకు విరుగుతుంది, కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా ఒక లీటరు డబ్బా బలం ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది. పత్తి చేను గట్టు పక్కనే వాగు, మిరప తోట కింద కుంట ఉన్న మన పల్లెల్లో స్ప్రేయరు కడిగేది ఎక్కడ? ఆ కుంటలోనే. ఖాళీ డబ్బా విసిరేది ఆ వాగులోనే. కొన్నిచోట్ల అడవి మడుగుల్లో పురుగు మందు పోసి చేపలు పట్టే పాడు అలవాటు కూడా ఉంది. వెనుకటి వాళ్ళు చెట్ల కాయలు దంచి మడుగులో వేసేవాళ్ళు, ఇదీ అట్లాంటిదేలే అనుకోవద్దు. ఆ మందు మనుషుల కూటిలోకి వస్తుంది.

కర్మాగారం సంగతేమిటి?

భారజలం పేరు వినగానే అణుబాంబు గుర్తుకు వస్తుంది గానీ భారజలం రేడియోధార్మికం కాదు. మామూలు నీళ్ళలోని హైడ్రోజన్‌లో దాదాపు ఆరేడు వేల పరమాణువులకు ఒకటి బరువైన రకం ఉంటుంది. గోదావరి నీళ్ళలోనూ ఉంటుంది, మనం తాగే బోరు నీళ్ళలోనూ ఉంటుంది. ఆ బరువైన రకాన్ని వేరు చేసి కూడబెట్టడమే 1991లో పని మొదలుపెట్టిన మణుగూరు కర్మాగారం చేసే పని. అక్కడ అణు రియాక్టరు లేదు, యురేనియం ఇంధనం వాడరు. ఈ నీటిని రియాక్టరులో వాడిన తరువాతే అందులో ట్రిషియం అనే రేడియోధార్మిక పదార్థం చేరుతుంది. అట్లాంటి విద్యుత్ రియాక్టర్లు కల్పాక్కం, కైగా, కాక్రపార్ వంటి చోట్ల ఉన్నాయి గానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేవు.

అట్లాగని ఆ కర్మాగారంతో ప్రమాదమే లేదని కాదు. బరువు రకాన్ని వేరు చేయడానికి వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది, ప్రాణాలు తీసే విషం. గాలిలో ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు జాగ్రత్త పడవలసింది దీని గురించి, సైరన్ మోగితే ఎటు పోవాలన్న దాని గురించి.

రేడియేషన్ అనుమానం కొంతైనా పెట్టుకోదగ్గది బొగ్గు బూడిద మీద. బొగ్గులో అతి స్వల్పంగా యురేనియం, థోరియం ఉంటాయి. బొగ్గు కాలిపోయాక అవి బూడిదలో మిగిలి రెండు మూడు రెట్లు చిక్కబడతాయి. పాల్వంచలో 1966లో థర్మల్ విద్యుత్ కేంద్రం మొదలైనప్పటి నుంచి మన దగ్గర బూడిద ఉంది. ఇటీవల మణుగూరు వైపు భద్రాద్రి థర్మల్ కేంద్రం కూడా వచ్చింది. అయితే బూడిదలోని రేడియేషన్ సాధారణంగా మట్టిలో సహజంగా ఉండే దానికి మరీ దూరంగా ఉండదు. చేపకు ఎక్కువ ముప్పు బూడిద నీటితో వచ్చే లోహాల వల్లనే.

నేల లోపలి రాళ్ళ నుంచి బోరు నీళ్ళలోకి యురేనియం దిగడం మరో సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి లీటరుకు 30 మైక్రోగ్రాములు హద్దుగా పెట్టింది, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. తెలుగు నేల మీద యురేనియం తవ్వి శుద్ధి చేసే చోటు కడప జిల్లా తుమ్మలపల్లె. అక్కడ వ్యర్థాల చెరువు పక్క ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయని ఫిర్యాదు చేస్తే 2019లో కాలుష్య నియంత్రణ మండలి నిపుణుల కమిటీని వేసింది. చేప పరీక్షకు, నీటిలో యురేనియం కొలతకు కలిపి పని ఉన్నది అట్లాంటి చోట.

చేపలు తేలితే ఏం చూడాలి

తెల్లవారుజామున, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజుల్లో, పెద్ద చేపలు ముందుగా పైకి వచ్చి నోరు తెరుస్తూ చచ్చాయంటే అది ప్రాణవాయువు లోపం. ఎండ ఎక్కాక బతికినవి తేరుకుంటాయి. మట్టగిడస, కొర్రమీను, మార్పు వంటివాటికి ఏమీ కాదు. నీళ్ళు కలియబెట్టడం, కొత్త నీళ్ళు పెట్టడం దీనికి మందు. అట్లా కాకుండా ఏ వేళనైనా చిన్నా పెద్దా తేడా లేకుండా గిరగిరా తిరిగి చచ్చాయి, రొయ్య పిల్లలు, నీటి పురుగులు ముందే పోయాయి, మట్టగిడసలు కూడా తేలాయి అంటే విషం కలిసిందనే అనుకోవాలి. ఆ ముందు రెండు మూడు రోజుల్లో పైనున్న చేలల్లో ఎవరు ఏ మందు కొట్టారో, వాన ఎప్పుడు పడిందో అడిగి రాసి పెట్టుకోండి. రేడియేషన్‌తో చేపలు ఇట్లా రాత్రికి రాత్రి తేలవు. మనిషిని చంపే మోతాదుకు కొన్ని రెట్లు ఎక్కువైతే గానీ చేప చావదు. అంత రేడియేషన్ ఉంటే చేపల కంటే ముందు గట్టు మీది మనుషులు పడిపోవాలి!

తేలిన చేపలను తినవద్దు, అమ్మవద్దు, కోళ్ళకు వేయవద్దు. చేప కణాల్లో తెగిన పోగు తిన్నవాళ్ళకు అంటుకోదు. అంటువ్యాధి కాదది. కానీ ఆ పోగును తెంపిన మందు చేప మాంసంలో, కొవ్వులో ఉండవచ్చు. భయపడవలసింది దానికి.

నీటి పరీక్షకు శుభ్రమైన గాజు సీసాలో అంచు దాకా నీళ్ళు నింపి, ఎండ తగలకుండా ఐసులో పెట్టి అదే రోజు పంపాలి. మందు డబ్బాలు, కూల్‌డ్రింకు సీసాలు పనికిరావు. మత్స్యశాఖ అధికారికి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా చెప్పండి. కలెక్టరేటులో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మందుల విషయంలో సలహాకు వైరా, కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి.

నెత్తురు పరీక్షకు మాత్రం చచ్చిన చేప పనికిరాదు. బతికిన మట్టగిడసలే కావాలి. అనుమానం ఉన్న చోట ఒక పది, అదే వాగులో ఏ చేనూ ఏ ఫ్యాక్టరీ తగలని ఎగువన, అడవి అంచున, మరో పది పట్టాలి. ఒకే సైజువి, ఒకే వారంలో పట్టినవి కావాలి. వేసవి చేపనూ చలికాలం చేపనూ పోల్చకూడదు. వెడల్పు మూతి క్యాన్లో ఆ నీళ్ళే పోసి పైన వల కట్టండి, లేకపోతే మట్టగిడస ఎగిరి బయట పడుతుంది. రెండు చోట్ల చేపలను కలపవద్దు.

మంచి నీళ్ళలోని చేపలో కూడా పిల్ల కేంద్రకాలు అసలే ఉండవని కాదు. వెయ్యి కణాలకు ఒకటో, అంతకంటే తక్కువో ఉంటాయి. ఉదాహరణకు పది చేపల్లో తలా రెండు వేలు, మొత్తం ఇరవై వేల కణాలు లెక్కించారనుకుందాం. ఎగువ చేపల్లో 12, దిగువ చేపల్లో 15 కనబడితే తేడా లేనట్టే. ఎగువ 12, దిగువ 60 అయితే వాగు మధ్యలో ఏదో కలుస్తున్నట్టు. అప్పుడు ఆ రెండు చోట్ల నడుమ ఒక్కో కలుపు కాలువ దగ్గరా నీళ్ళు పట్టి, మందులకు, లోహాలకు, అవసరమైతే రేడియేషన్‌కు విడివిడిగా పరీక్ష చేయించాలి. లెక్కించిన వారిని ఒక ప్రశ్న తప్పక అడగండి: గాజు పలకల మీద ఊరి పేరు రాశారా, నంబరు చీటీ వేశారా? ఏ చేప ఎక్కడిదో ముందే తెలిస్తే చూసేవారి కన్ను తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుంది. నంబరు మాత్రమే వేసి, లెక్క పూర్తయ్యాకే ఊరి పేరు చూడాలి.